బూడిదలో మిగిలినదేమిటి?

"ఎంత చేసినా బ్రతుకు ఉన్నచోటనే ఉంది" అనే మాట మన కుటుంబాలలో తరచుగా వినబడుతోంది. డిగ్రీ పూర్తిచేసి నాలుగేళ్లుగా పోటీ పరీక్షలు రాస్తూ, చుట్టాలకు ముఖం చూపించలేక గదిలోనే ఉండిపోయే యౌవనస్థుడు. భర్త మరణించిన తరువాత కుట్టుమిషను మీద గుడ్డ కప్పి మళ్లీ దానివైపు చూడని సహోదరి. వరుసగా పంటలు పోయి పొలంగట్టు ఎక్కడం మానేసిన రైతు. వీరు సోమరులు కారు, దెబ్బతిన్నవారు. "లేచి ఏదో ఒకటి చేసుకోరాదా?" అని గద్దించడం తేలిక. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడమే వారి అసలు కష్టం.

1812 మార్చి 11వ తేదీ సాయంత్రం బెంగాలులో హుగ్లీ నది ఒడ్డునున్న శ్రీరాంపూరు ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయింది. విలియం కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. ఆయన వయస్సు 50 సంవత్సరాలు. కాగితం, అనేక భారతీయ భాషల అచ్చు అక్షరాలు, సంవత్సరాల తరబడి చేతితో రాసిన ప్రతులు కాలిపోయాయి. వాటిలో ఆయన రాసిన తెలుగు వ్యాకరణమంతా ఉంది.

మరునాడు కేరీ తిరిగి వచ్చేసరికి, ఆయన సహచరుడు వార్డు శిథిలాలను వెదకిస్తున్నాడు. అచ్చుయంత్రాలు దక్కాయి. అక్షరాలు కరిగిపోయాయిగాని, వాటిని తయారుచేసే ఉక్కు అచ్చులు బూడిదలో చెడిపోకుండా దొరికాయి. కరిగిన సీసం కూడా వ్యర్థం కాలేదు. దానితోనే క్రొత్త అక్షరాలు పోతపోశారు. ప్రక్కనే ఖాళీగా ఉన్న గిడ్డంగిలో పని మొదలైంది. కొద్ది నెలల్లోనే ముద్రణ తిరిగి సాగింది. కేరీ తెలుగు వ్యాకరణాన్ని మళ్లీ రాశాడు. అది 1814లో అచ్చయింది. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అక్కడనుండే వెలువడింది.

ఇందులో మనకు మూడు సంగతులున్నాయి.

మొదటిది, మిగిలినదాన్ని వెదకాలి. పోయినదాని లెక్క మనకు కంఠతా వస్తుంది. మిగిలినదాని లెక్క ఎవరూ వేయరు. ఉద్యోగం రాకపోయినా చదివిన చదువు ఉంది. ఆదాయం ఆగినా చేతిలోని పనితనం ఉంది. ఒక కాగితం తీసుకొని వాటిని రాయండి. అక్షరాలు కరిగినా అచ్చులు మిగిలి ఉండవచ్చు.

రెండవది, పోయినదంతా తిరిగి రాదు. కేరీ ఎంతో శ్రమించి కూర్చుతున్న బహుభాషా నిఘంటువు ఆ మంటలలో పోయింది. అది ఎన్నటికీ వెలుగు చూడలేదు. కొన్నింటి కోసం ఏడ్వవలసిందే. అయితే అవి తిరిగి వచ్చేవరకు మిగతా పనులన్నీ ఆపుకోనక్కరలేదు.

మూడవది, ఉత్సాహం కోసం కనిపెట్టుకొని కూర్చోకూడదు. ఉత్సాహం వస్తే పని చేద్దామనుకుంటాం. చాలాసార్లు పని మొదలుపెట్టాకనే అది వస్తుంది. కృంగుదలకు చికిత్స చేసే నిపుణులు కూడా రోజుకొక చిన్న పనితో మొదలుపెట్టిస్తారు. మిషను మీది గుడ్డ తీసి నూనె వేయడం ఒక రోజుకు చాలు. పొలానికి వెళ్లి గట్టుమీద కాసేపు నడిచి రావడం చాలు.

లేచే బలం కూడా లేనివారి మాటేమిటి? 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా చెట్టుక్రింద పడుకొని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. రెండుసార్లు తట్టిలేపి ఆహారం పెట్టించాడు, నిద్రపోనిచ్చాడు. ఆ తరువాతనే ప్రయాణం, పని, తోడుగా ఎలీషా. ముందు తిండి, నిద్ర సరిచేయండి.

రెండు వారాలు దాటినా నిద్రపట్టక, దేనిమీదా మనస్సు లేకుండా ఉంటే వైద్యుని వద్దకు వెళ్లండి. చావాలనే తలంపు వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ ప్రభుత్వ సేవకు 14416 నంబరులో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు. వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు.

కుటుంబ సభ్యులారా, మీ ఇంట్లో ఇలా ఆగిపోయినవారు ఉంటే పక్కింటివారితో పోల్చకండి. వార్డువలె బూడిదలో చెయ్యిపెట్టి వారితోకూడ వెదకండి. దొరికింది చిన్నదైనా వారి చేతికివ్వండి. అక్కడనుండి వారే నడుస్తారు.