సర్కారు జాగా ఎవరిది?



మీలో చాలామంది బోధన్ పోయి ఉంటారు. అక్కడ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని చూసి ఉంటారు. చందూర్, వర్ని, రుద్రూర్, కోటగిరి దిక్కు చెరకు బండ్లు ఒకప్పుడు బోధన్‌కే పోయేవి. ఆ ఫ్యాక్టరీ ఎవరిది అంటే, "సర్కారుది" అనేవాళ్ళు మన పెద్దలు. సర్కారుది అంటే ఎవరిది? మనందరిది.

మనందరి ఆస్తిని సర్కారు అమ్మవచ్చా? అమ్మితే ఎట్లా అమ్మాలి? మనం ఎవరిని అడగాలి? తెలుసుకుందాం.

అన్నీ అమ్మేవి కావు

మన ఊళ్ళో బడి, దవాఖాన, పంచాయతీ ఆఫీసు ఉంటాయి. చెరువు, బాట, శ్మశానం, పశువులు మేసే బంచరాయి ఉంటాయి. చెరువు, బాట, శ్మశానం లాంటివి ఊరంతా వాడుకునేవి. వీటిని "అవసరం లేని భూమి" అనడానికి వీలు లేదు. ఊరుమ్మడి భూములను కబ్జా చేసినవాళ్ళను ఖాళీ చేయించాలని 2011లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

కొన్ని మాత్రం నిజంగానే వాడకం లేక పడి ఉంటాయి. కొత్త బడి కట్టినాక పాత బడి ఖాళీగా ఉంటుంది. ఒక ఆఫీసు వేరే చోటికి పోతే దాని జాగా మిగులుతుంది.

నాలుగు దారులు

మిగిలిన ఆస్తిని సర్కారు నాలుగు రకాలుగా వదులుకుంటుంది.

ఒకటి: ఒక శాఖ ఇంకో శాఖకు ఇస్తుంది. పాత బడిని అంగన్‌వాడీకి ఇయ్యవచ్చు. మహిళా సంఘానికి ఇయ్యవచ్చు. అట్లా ఇస్తే ఆస్తి మన చేతిలోనే ఉంటుంది.

రెండు: కిరాయికి ఇస్తుంది. పంచాయతీ దుకాణాలు ఇట్లాంటివే. గడువు తీరినాక ఆస్తి తిరిగి రావాలి.

మూడు: పేదలకు పంచుతుంది. సాగు భూమికి, ఇంటి జాగాకు పట్టా ఇస్తుంది. 2014 డిసెంబరులో తెలంగాణ సర్కారు ఒక ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే సర్కారు జాగాలో ఇల్లు కట్టుకుని ఉంటున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా హక్కు ఇస్తామన్నది.

ఒక మాట గుర్తుంచుకోండి. భూమి లేని పేదలకు సాగుకు ఇచ్చిన సర్కారు భూమిని అసైన్డ్ భూమి అంటారు. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, కొనరాదు. "తక్కువకు వస్తుంది, కొనుక్కో" అని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ పైసలు పోతాయి, భూమి కూడా మీది కాదు.

నాలుగు: అమ్ముతుంది. అమ్మేటప్పుడు వేలం పెట్టాలి.

వేలం ఎట్లా జరగాలి?

ముందు భూమిని కొలుస్తారు. సర్వే నంబరు, హద్దులు రాస్తారు. పాత కట్టడమైతే ఇంజినీరు చూసి విలువ కడతారు. తర్వాత అందరికీ తెలిసేటట్టు ప్రకటన ఇస్తారు. ఊళ్ళో అయితే చాటింపు వేస్తారు. పాడేవాళ్ళు ముందుగా కొంత పైకం కడతారు. దీన్ని ధరావతు అంటారు. ఎక్కువ పాడినవాళ్ళకు ఆస్తి దక్కుతుంది. పైకం ఖజానాలో జమ అవుతుంది.

పదిమంది పాడితే అసలు ధర బయటపడుతుంది. 2023 ఆగస్టులో హైదరాబాద్ పక్కన కోకాపేటలో సర్కారు భూమిని వేలం వేశారు. ఒక ఎకరం 100 కోట్ల రూపాయలు దాటి పోయింది. చాటుగా అమ్మితే ఆ ధర వచ్చేదా?

కానీ పైకం ఒక్కసారే వస్తుంది. పోయిన భూమి మళ్ళీ రాదు. అందుకే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను వేలం వేయాలనుకున్నప్పుడు విద్యార్థులు అడ్డుపడ్డారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అక్కడ చెట్లు నరకడం ఆపించింది.

బోధన్‌లో ఏం జరిగింది?

నిజాంసాగర్ 1931లో పూర్తయింది. మంజీర నీళ్ళు మన పొలాలకు వచ్చాయి. చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ సంస్థ ఏర్పడింది. దానికి మిషన్లే కాదు, క్వార్టర్లు, జాగాలు, సొంత చెరకు ఫారాలు కూడా ఉండేవి.

తర్వాత నష్టాలు వచ్చాయి. 2002లో సర్కారు బోధన్, మెట్‌పల్లి, మెదక్ ఫ్యాక్టరీలను ఒక కొత్త కంపెనీ కిందికి తెచ్చింది. అందులో నూటికి 51 వంతులు ప్రైవేటువాళ్ళకు ఇచ్చింది. 49 వంతులు తన దగ్గర ఉంచుకుంది. 51 వంతులు ఉన్నవాళ్ళదే పెత్తనం.

ఆస్తులకు తక్కువ విలువ కట్టారని గొడవ లేచింది. 2004లో శాసనసభ్యుల కమిటీ వేశారు. ఆ అమ్మకం సరిగా లేదని కమిటీ తేల్చింది. అయినా ఫ్యాక్టరీ వెనక్కి రాలేదు. 2015 డిసెంబరులో మూడు ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. కార్మికుల ఇళ్ళల్లో జీతం ఆగింది. చెరకు రైతులు వేరే పంటకు మళ్ళారు. మళ్ళీ తెరిపించే దారి చూడటానికి 2024లో సర్కారు ఒక కమిటీ వేసింది.

దీంట్లో మనకు ఏం తెలుస్తుంది? ఎంతకు అమ్మారన్నది ఒక్కటే చూస్తే చాలదు. కొన్నవాళ్ళు దాన్ని నడపాలన్న షరతు ఉందా? షరతు తప్పితే వెనక్కి తీసుకునే వీలు ఉందా? ఇవి అమ్మకముందే అడగాలి. అమ్మినాక అడిగితే ఏళ్ళు పడుతుంది.

మనం ఏం చేయాలి?

గ్రామసభకు పోవాలి. మన పంచాయతీ ఆస్తుల రిజిస్టరు చూపించమని అడగాలి. ఏ జాగా ఎంత ఉందో చదవాలి. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా!

చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాయండి. ఊరి ఆఫీసులో ఫీజు లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలి. తీర్మానం చదవకుండా వేలిముద్ర వేసే రోజులు పోయాయి. చదివినాకే సంతకం పెట్టండి.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో వాడకుండా పడి ఉన్న సర్కారు కట్టడాలు ఏవి?
2. వాటిని అమ్మడం మంచిదా, ఊరి పనికి వాడుకోవడం మంచిదా? ఎందుకు?
3. మీ పంచాయతీ ఆస్తుల వివరాలు అడుగుతూ ఒక దరఖాస్తు రాయండి.