ఆచూకీ చెప్పే సర్వర్లు

పెద్ద సంస్థలలో పనిచేసేవారి పేర్లు, ఫోను నంబర్లు, ఈ-మెయిల్ చిరునామాలు మొదలైనవాటిని ఒక క్రమంలో భద్రపరచి, అడిగినప్పుడు అందించే కంప్యూటరును డైరెక్టరీ సర్వర్ అంటారు. అడిగే ప్రోగ్రాము క్లయింటు. ఈ రెండింటి సంభాషణకు నియమాలు కూర్చిన పద్ధతులలో ఎల్‌డ్యాప్ ప్రసిద్ధమైనది. 1988లో వెలువడిన ఎక్స్.500 అనే అంతర్జాతీయ ప్రమాణం బరువైనది కావడంతో, దానిని అందుకోవడానికి తేలికైన మార్గంగా 1993లో ఎల్‌డ్యాప్ నియమాలు ప్రకటితమయ్యాయి. వాటిని రచించినవారిలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ హౌజ్ ఒకరు.

డైరెక్టరీలో పేర్లు చెట్టు కొమ్మల వలె అమరి ఉంటాయి. ‘లక్ష్మి, గణితశాఖ, విశ్వవిద్యాలయం, భారతదేశం’ అన్నది ఒక పూర్తి పేరు అనుకుందాం. ఉత్తరం మీది చిరునామాలో వలె ఇందులో వ్యక్తి ముందు, దేశం చివర. ఇంటిపేరు ముందు చెప్పుకొనే తెలుగువారికి ఈ వరుస తలకిందులుగా తోచవచ్చు. సర్వర్ మాత్రం చివరి నుండి వెదకుతుంది: మొదట దేశం, తరువాత విశ్వవిద్యాలయం, ఆపైన శాఖ, చిట్టచివర వ్యక్తి.

క్లయింటు పొరపాటున ‘లక్ష్మి’కి బదులు ‘లక్షి’ అని అడిగిందనుకుందాం. శాఖ వరకు పేరు సరిపోలింది, ఆపైన లేదు. అప్పుడు సర్వర్ 32 అనే ఫలిత సంఖ్యను పంపుతుంది. అడిగిన పేరు లేదని దాని అర్థం. అంతటితో ఊరుకోక, ‘గణితశాఖ, విశ్వవిద్యాలయం, భారతదేశం’ అని తనకు సరిపోలిన మేరను కూడా తెలుపుతుంది. దానినిబట్టి తప్పు చివరి భాగంలోనే ఉన్నదని క్లయింటు గ్రహించగలదు. అయితే చూసే అధికారం లేనివారు అడిగితే, ఉన్న పేరునే లేదని చెప్పే సర్వర్లూ ఉన్నాయి. రహస్యం కాపాడడానికి అది అవసరమే.

గణితశాఖ వివరాలు వేరొక సర్వర్‌లో ఉంటే జవాబు మారుతుంది. ఇప్పుడు వచ్చే సంఖ్య 10. దానితో పాటు ఆ రెండవ సర్వర్ చిరునామా. దీనిని రెఫరల్ అంటారు. 1997 నాటి మూడవ రూపంలో ఇది ఎల్‌డ్యాప్ నియమాలలో చేరింది. ‘లేదు’ అన్న మాటకూ ‘నా వద్ద లేదు, అక్కడ అడుగు’ అన్న మాటకూ ఎంతో అంతరం ఉంది. ఈ భేదం ఎరుగని ప్రోగ్రాము, కొలువులో ఉన్న ఉద్యోగినిని లేనట్లుగా భావించి ఆమె ఖాతాను మూసివేయగలదు. ఇక ఒక కొమ్మ మొత్తాన్ని గాలించమని కోరినప్పుడు, సర్వర్ తనకు దొరికిన పేర్లను ఇస్తూనే మిగిలిన భాగాలకు ఎవరిని అడగాలో నడుమ నడుమ సూచిస్తుంది.

చూపిన దారిన వెళ్ళే బాధ్యత క్లయింటుదే. మొదటి సర్వర్ రెండవదానిని, రెండవది మళ్ళీ మొదటిదానిని చూపితే తిరుగుడుకు అంతు ఉండదు. కనుక క్లయింటు అట్టి వలయంలో చిక్కుకోకుండా జాగ్రత్తపడాలని నియమం. కొత్త సర్వర్ ఎవరిదో విచారించకుండా దానికి పాస్‌వర్డును అందించడం అంతకంటె ప్రమాదం. అందుచేత రెఫరల్‌ను అనుసరించాలా వద్దా అన్న నిర్ణయాన్ని అనేక ప్రోగ్రాములు నిర్వాహకునికే వదలిపెడతాయి.