ఒకే వంట, వేర్వేరు కొలతలు

స్థూలకాయం వైద్యుడి చీటీ మీద ఒక్కరి పేరుతోనే నమోదవుతుంది గానీ, దాన్ని పెంచేవి చాలావరకు ఇంటిల్లిపాదికీ ఉమ్మడివే: నెలవారీ వెచ్చాల్లో వచ్చే నూనె, రాత్రి భోజనానికి కూర్చునే వేళ, ఆదివారం తెప్పించుకునే బిర్యానీ, టీవీ ముందు చేతికందే జంతికల డబ్బా. ఇవి భార్యకు వేరుగా, భర్తకు వేరుగా ఉండవు కాబట్టి, దంపతులిద్దరూ కలిసి ప్రయత్నిస్తే బరువు తగ్గడం సులువవుతుందా అన్న ప్రశ్నను పరిశోధకులు నాలుగు దశాబ్దాలకు పైగా పరిశీలిస్తూ వచ్చారు. వారికి దొరికిన జవాబు మాత్రం అనుకున్నంత సూటిగా లేదు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో తరతరాలుగా సాగుతున్న హృద్రోగ అధ్యయనం ఆధారంగా నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అనే పరిశోధకులు 12,067 మందికి సంబంధించిన 32 ఏళ్ల సమాచారాన్ని విశ్లేషించి, దంపతుల్లో ఒకరు స్థూలకాయులైతే రెండోవారు కూడా అలా మారే అవకాశం 37 శాతం పెరుగుతోందని 2007లో ప్రకటించారు. ఇందులో ఒకరి ప్రభావం ఎంత, ఒకే ఇంటి వాతావరణం ఎంత అన్నది విడదీయలేమని విమర్శలు వచ్చాయి గానీ, కాపురంలో ఆ రెండూ ఎలాగూ విడివిడిగా ఉండవు. బరువు పెరగడంలో కనిపించిన ఈ జంట లక్షణం తగ్గడంలోనూ కనిపిస్తుందని ఇంగ్లండ్‌లో 50 ఏళ్లు దాటిన 3,722 జంటలపై జరిగి, 2015లో వెలువడిన అధ్యయనం తెలిపింది: భాగస్వామి కూడా బరువు తగ్గినప్పుడు తమ బరువులో కనీసం 5 శాతం తగ్గించుకోగలిగిన పురుషులు 26 శాతం, స్త్రీలు 36 శాతం ఉండగా, భాగస్వామి అధిక బరువుతోనే ఉండిపోయినప్పుడు ఆ సంఖ్యలు 10, 15 శాతాలకే పరిమితమయ్యాయి.

అయితే, ఇద్దరినీ కలిపి శిక్షణ తరగతిలో కూర్చోబెడితే చాలుననుకోవడం తొందరపాటు. జంటలకు నడిపిన కార్యక్రమాల ఫలితాలన్నింటినీ క్రోడీకరించిన 1990 నాటి విశ్లేషణలో, శిక్షణ ముగిసేనాటికి కనిపించిన కొద్దిపాటి మేలు ఆ తర్వాత నిలవలేదని తేలింది. మరుసటి ఏడాది పరిశోధకురాలు రీనా వింగ్ బృందం మధుమేహం ఉన్న స్థూలకాయులపై జరిపిన ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. అందులో స్త్రీలు భర్తతో కలిసి చికిత్స పొందినప్పుడు ఎక్కువ బరువు తగ్గగా, పురుషులు ఒంటరిగా పొందినప్పుడే ఎక్కువ తగ్గారు. ఈ తేడాకు మూలం వంటగదిలో ఉందనుకోవడమే సమంజసంగా తోస్తుంది. భర్త ఒక్కడే పథ్యం మొదలుపెడితే ఆహార పట్టికను చదివి, అందుకు తగ్గట్టు వండి, క్యారేజీ కట్టి పంపేది సాధారణంగా భార్యే కాబట్టి ఆయన ఒంటరిగా ఉన్నా నిజానికి ఒంటరి కాడు. భార్య ఒక్కతే మొదలుపెడితే మాత్రం ఇంటివాళ్లకు బంగాళాదుంప వేపుడు చేసిపెట్టి, ఆ వాసన మధ్యనే తాను పుల్కా తినాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ కొందరు పట్టణవాసుల వ్యవహారం కాదు. కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సంఖ్యను బీఎంఐ అంటారు. అది 25కు చేరినవారు ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం, తెలంగాణలో 30.1, 32.3 శాతం ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కగట్టింది. భారతీయులకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం వచ్చే స్వభావం ఉన్నందున, వైద్యులు బీఎంఐ 23కు చేరగానే అధిక బరువుగా పరిగణిస్తున్నారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకూడదంటున్నారు.

కలిసి పథ్యం చేయడమంటే ఇద్దరూ ఒకే వంట తినడమే గానీ, ఒకే కొలతలో తినడం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అంచనాలో, కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2,110 కిలో కేలరీలు కావాలి. అదే జీవనశైలి గల 55 కిలోల స్త్రీకి 1,660 చాలు. నూరు గ్రాముల అన్నంలో సుమారు 130 కిలో కేలరీలు ఉంటాయి కాబట్టి ఈ తేడా దాదాపు 350 గ్రాముల అన్నంతో సమానం. ఇద్దరి కంచాల్లోనూ సమానంగా వడ్డించుకుని, పైగా గిన్నెలో మిగిలింది పారేయలేక ఆమే తినేసే ఇంట్లో, ఆయన తగ్గుతుంటే ఆమె తగ్గకపోవడంలో వింతేమీ లేదు. కొసరి వడ్డించడం ప్రేమకు గుర్తుగా చలామణీ అయ్యే మన భోజన మర్యాదలో అన్నం గిన్నెను వంటగదిలోనే ఉంచి, పప్పు, కూర, పెరుగు మాత్రం దగ్గర పెట్టుకోవడం చిన్న మార్పే గానీ ఫలితం పెద్దది. నూనె లెక్క ఇంకా సులువు: మనిషికి రోజుకు నెయ్యితో సహా 25 గ్రాములు చాలనుకుంటే, ఇద్దరికి నెలకు లీటరున్నరకు కాస్త పైన సరిపోవాలి. వెచ్చాల చీటీని ఇద్దరూ కలిసి చూసుకుంటే పథ్యం సగం అక్కడే కుదురుతుంది.

ఒకే పద్ధతి పాటించినా ఫలితాలు ఒకే తీరుగా రావు. శరీరంలో శక్తిని ఖర్చుచేసే కండర భాగం పురుషుల్లో ఎక్కువ; 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, ఎనిమిది వారాల పాటు ఒకే తక్కువ కేలరీల ఆహారం తీసుకున్నవారిలో పురుషులు స్త్రీలకంటే 16 శాతం ఎక్కువ బరువు తగ్గారు. కాబట్టి బరువు తూచే యంత్రం ఎక్కి ఒకరి అంకెతో ఒకరు పోటీపడటం శరీరధర్మం దృష్ట్యా అన్యాయం. ఎవరి నడుము కొలతను వారి నిరుటి కొలతతో పోల్చుకోవడం మేలు.

నడకలోనూ ఇటువంటి చిక్కే ఉంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 25 నుంచి 79 ఏళ్ల మధ్య వయసుగల 72 జంటలను పరిశీలించినప్పుడు, కలిసి నడిచినవారి వేగం తగ్గిందని, చేయి చేయి పట్టుకుంటే ఇంకా తగ్గిందని 2021లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాలు సూచించింది మోస్తరు శ్రమతో కూడిన వ్యాయామాన్ని, అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగాన్ని. హైదరాబాద్ కేబీఆర్ పార్కుకో, విశాఖ బీచ్ రోడ్డుకో ఇద్దరూ కలిసి వెళ్లి, ఎవరి వేగంలో వారు నడిచి, కలిసి తిరిగివస్తే సరిపోతుంది. అసలు ఆటంకం వేగం కాదు, సమయం: పొద్దున ఆరింటికి ఒకరు నడకకు వెళ్తే మరొకరు టిఫిన్, పిల్లల క్యారేజీలతో సతమతమయ్యే ఇళ్లలో, ముందు ఆ పనిని పంచుకోవాలి. కండరం కరగకుండా వారానికి రెండు రోజులైనా బరువులెత్తడమో, గుంజీళ్లు తీయడమో ఇద్దరికీ అవసరమే. ఒకరు రెండోవారి కంచానికి కాపలా కాయడం మాత్రం పనికిరాదు. అది చాటుగా తినడాన్ని నేర్పుతుంది.

వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమమని, బరువు తగ్గించే ఆహారమైనా రోజుకు 1,000 కిలో కేలరీలకు తగ్గకూడదని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నెలల తరబడి ద్రవాహారంతో గడపమనే పద్ధతులను జంటగా చేపట్టినంత మాత్రాన అవి సురక్షితం కావు. ఒకరికి పడిన పథ్యం రెండోవారికి ప్రమాదం కావచ్చు: ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు మోతాదు మార్చకుండా అన్నం సగానికి తగ్గిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు; గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే ప్రయత్నమే వాయిదా వేసుకోవాలి. కలిసి మొదలుపెట్టాలనుకునే దంపతులు ముందుగా ఇద్దరూ రక్తపోటు, చక్కెర, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, వాడుతున్న మందుల చీటీలతో వైద్యుణ్ని కలవాలి.