మీకు తెలుసా? మంత్రగత్తెలు మెచ్చిన బోడికొండలు

పోలండ్, ఉక్రెయిన్, చెక్, బెలారుస్... ఈ నాలుగు దేశాల్లోనూ ‘బోడికొండ’ అన్న పేరుతో కొండలున్నాయి! పోలిష్‌లో వీసా గూరా, ఉక్రెయినీలో లీసా హోరా, చెక్‌లో లిసా హోరా. పలికే తీరు కాస్త మారుతుందే తప్ప అర్థం ఒక్కటే. నెత్తిన చెట్టూ చేమా లేని కొండ అని. (మన విజయనగరం జిల్లా రామతీర్థంలోనూ ఓ బోడికొండ ఉంది. పేర్లు పెట్టడంలో ఊరి జనం చూపు ఎక్కడైనా ఒకటే కాబోలు!)

స్లావిక్ జానపద కథల్లో మంత్రగత్తెలు రాత్రిపూట చీపుర్లెక్కి ఎగిరొచ్చి కలుసుకునేది ఇలాంటి కొండల మీదే. పోలండ్ కొండ సుమారు 595 మీటర్లు. దాని వాలు మీద బండరాళ్లు కుప్పలు కుప్పలుగా పరుచుకుని ఉంటాయి, వాటి మధ్య చెట్టు మొలవదు. మంత్రగత్తెల మాట ఎలా ఉన్నా, బోడి అన్న పేరు దానికి సరిగ్గా అతికింది. చెక్ కొండ ఇంకా పెద్దది, 1,323 మీటర్లు.

రష్యన్ సంగీతకర్త ముసోర్గ్‌స్కీ 1867లో ‘బోడికొండపై రాత్రి’ అనే వాద్యరచన చేశాడు. 1940లో వచ్చిన వాల్ట్ డిస్నీ సినిమా ‘ఫాంటసియా’లో, కొండ కొమ్మున నల్లటి రెక్కలు విప్పే భూతం వెనక వినిపించేది ఆ సంగీతమే.

అన్నట్టు, కీవ్ నగరంలోని బోడికొండ ఇప్పుడు బోడిగా లేదు. దాని నిండా చెట్లే!