కొండ తెలుసు, షేరు సంగతో?

షేరు బజారు పేరెత్తగానే మన తెలుగువాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. ఒకరు "అది జూదమండీ, దాని జోలికి పోకండి" అంటారు. రెండోవారు చెవి దగ్గరికి వచ్చి "ఫలానాది కొని పడెయ్యండి, ఆర్నెల్లలో రెట్టింపు" అంటారు. ఇద్దరిలో మొదటివారే కొంత నయం. వారి మాట వింటే కనీసం వున్నది పోదు. అయితే పిల్లల చదువులకో, ఉద్యోగ విరమణ తర్వాతి రోజులకో నాలుగు డబ్బులు వెనకేసుకునే కుటుంబాలు, బ్యాంకు వడ్డీ ధరల పెరుగుదలకు సరిపోవడం లేదని షేర్లవైపు చూడడంలో తప్పేమీ లేదు. ఏం చూసి కొంటున్నామన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతుక్కోవడానికి బొంబాయి దలాల్ స్ట్రీటు దాకా వెళ్ళనక్కర్లేదు. ఒడిశాలో రాయగడ జిల్లా టికిరి దాకా వస్తే చాలు.

దూరప్రాంతాల పాఠకుల కోసం రెండు ముక్కలు. కొరాపుట్ నుంచి రాయగడ వచ్చే రైలు మార్గంలో, కాశీపురం బ్లాకులో వుంటుంది టికిరి. రాయగడ, కొరాపుట్, జయపురం పట్టణాలు 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకూ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లావే కనుక ఈ వైపు బజార్లలో తెలుగు వినపడడం ఎవరికీ వింత కాదు. టికిరికి దగ్గర్లోనే దొరగుడ దగ్గర ఉత్కళ్ అల్యూమినా రిఫైనరీ వుంది. బాఫ్లిమాలి కొండ మీద తవ్విన బాక్సైటు పొడవాటి బెల్టు మీద దిగి వచ్చి ఇక్కడ తెల్లటి అల్యూమినా పొడిగా మారుతుంది. ఆ పొడి రైలెక్కి స్మెల్టర్లకు పోతుంది. అక్కడ అది అల్యూమినియం అవుతుంది.

ఇంత దగ్గర్నించి కార్ఖానాను చూసేవారికి సహజంగా వచ్చే ఆలోచన ఒకటుంది. "రోజూ లారీలు తిరుగుతున్నాయి, రైళ్ళు నిండుతున్నాయి, ఈ కంపెనీ గురించి మనకన్నా ఎవరికి బాగా తెలుసు? దీని షేర్లే కొందాం." వినడానికి ఎంతో సబబుగా వుంటుంది. పెద్ద పెద్ద పెట్టుబడిదారులు కూడా మీకు తెలిసిన వ్యాపారంలోనే డబ్బు పెట్టండని పుస్తకాల్లో రాస్తారు. కానీ ఇక్కడే మొదటి గొయ్యి వుంది.

ఉత్కళ్ అల్యూమినా షేరు విడిగా బజారులో దొరకదు. అది హిండాల్కో చేతిలోని సంస్థ. కొనాలంటే హిండాల్కో షేరు కొనాలి. ఆ హిండాల్కో 2007లో అమెరికాలోని నోవెలిస్ అనే కంపెనీని, దాని అప్పుతో సహా సుమారు 600 కోట్ల డాలర్లకు కొన్నది. కూల్‌డ్రింకు డబ్బాలకూ కార్లకూ కావలసిన అల్యూమినియం రేకులు చేసే కంపెనీ అది. ఆ వార్త వచ్చిన వెంటనే హిండాల్కో షేరు ఒక్కరోజులో పది శాతానికి పైగా పడింది. ఆ రోజు బాఫ్లిమాలిలో ఒక్క బండరాయి కూడా కదల్లేదు! ఇప్పటికీ హిండాల్కో మొత్తం అమ్మకాల్లో సగానికి పైగా నోవెలిస్‌వే. అంటే టికిరిలో కూర్చుని మన కొండను నమ్ముకుని హిండాల్కో కొన్నాయన, తనకు తెలియకుండానే అట్లాంటాలో వుండే ఒక కంపెనీ జాతకంలో వాటాదారు అయ్యాడన్నమాట.

పోనీ, పక్కనే కొరాపుట్ జిల్లాలో దామన్‌జోడి వుంది కదా, నాల్కో కొందామంటారా? అది కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1981లో పుట్టింది. పంచపట్మాలి గనులు, దామన్‌జోడి రిఫైనరీ, అంగుల్‌లో స్మెల్టరు, అన్నీ దానివే. కాగితం మీద హిండాల్కో, నాల్కో రెండూ అల్యూమినియం కంపెనీలే. కానీ ఇద్దరి లెక్కా ఒకటి కాదు. ఉత్కళ్‌లో తయారయ్యే అల్యూమినా చాలావరకు హిండాల్కో సొంత స్మెల్టర్లకే పోతుంది. నాల్కో మాత్రం తన అవసరానికి మించిన అల్యూమినాను విశాఖపట్నం రేవు మీదుగా విదేశాలకు అమ్ముతుంది. 2018లో బ్రెజిల్‌లోని అలునోర్టే రిఫైనరీ, చైనా బయట అన్నిటికన్నా పెద్దది, కాలుష్యం గొడవలో సగం ఉత్పత్తికి దిగిపోయింది. ఏప్రిల్‌లో రష్యా కంపెనీ రుసాల్ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. ప్రపంచంలో అల్యూమినా ధర ఒక్కసారిగా చుక్కలనంటింది. నాల్కోకు పంట పండింది. దామన్‌జోడిలో ఎవరూ అదనంగా చెమటోడ్చింది లేదు. ఆ తర్వాత ధర దిగినప్పుడు లాభమూ దిగింది. అప్పుడూ దామన్‌జోడి కార్మికుల తప్పేమీ లేదు.

లోహాల కంపెనీల షేర్లు ఇలాగే వుంటాయి. సబ్బులమ్మే కంపెనీలాగా ఏడాదికేడాది మెట్లెక్కవు. లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో ధరనుబట్టి గుమ్మటంలా పైకి లేస్తాయి, బావిలోకి దిగినట్టు దిగుతాయి. విచిత్రమేమిటంటే ఇవి చవకగా కనిపించేది లాభాలు శిఖరాన వున్నప్పుడే. లాభంతో పోల్చి "అబ్బ, ధర ఐదురెట్లే వుంది" అని ఎగబడి కొంటారు. మర్నాటి ఏడు ఆ లాభం సగమయ్యేసరికి చవక కాస్తా ఖరీదైపోతుంది. మామిడికాయలు విరగ్గాసిన ఏడాది లెక్క చూసి తోట గుత్తకు తీసుకోవడం లాంటిది ఇది.

ఇక కొత్త ప్రాజెక్టు "ప్రకటించారు" అనగానే షేరు కొనేవారి సంగతి. ఉత్కళ్ కథే చూడండి. 1990ల మొదట్లో పుట్టిన ఆలోచన అది. టాటాలు, నార్వేకు చెందిన హైడ్రో, కెనడాకు చెందిన ఆల్కాన్ వేరువేరు దశల్లో భాగస్వాములై, ఒక్కొక్కరే తప్పుకున్నారు. భూములు పోతాయన్న ఆదివాసీల ఆందోళన ఏళ్ళ తరబడి సాగింది. 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. ఆల్కాన్ వాటా 2007లో హిండాల్కోకు వచ్చింది. అల్యూమినా బయటికి వచ్చింది 2013లో. ఆలోచనకూ ఉత్పత్తికీ మధ్య ఇరవై ఏళ్ళు! ఆ మధ్యలో ఎంతమంది బతుకులు తలకిందులయ్యాయో ఆస్తి అప్పుల పట్టీలో కనిపించదు.

కలహండి జిల్లా లాంజిగఢ్‌లో వేదాంత సంస్థ గని చేతికి రాకుండానే రిఫైనరీ కట్టింది. నియమగిరి మీద సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పిచ్చి, గ్రామసభల మాట వినమన్నది. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తం 12 గ్రామసభలూ వద్దన్నాయి. కొండ ఎదురుగా కనబడుతూనే వుంది, ఖనిజం మాత్రం దూరం నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. కంపెనీ వార్షిక నివేదికలో "అనుమతులు రావలసి వుంది" అన్న చిన్న అక్షరాల వాక్యం కనిపిస్తే, దాన్ని దాటిపోకుండా రెండుసార్లు చదవమనేది ఇందుకే. మన ప్రాంతంవాళ్ళకు అందులో ఒక సౌలభ్యం కూడా వుంది. ఆ ఊళ్ళో జనం ఏమనుకుంటున్నారో బొంబాయి బ్రోకరు కన్నా మనకు ముందు తెలుస్తుంది. దగ్గరగా వుండడం వల్ల నిజంగా పనికొచ్చే సమాచారం ఇది. లారీల లెక్క దీనిముందు ఎందుకూ కొరగాదు.

దగ్గరగా వుండడంలోనే పెద్ద ముప్పు కూడా వుంది. దీన్నిగురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. టికిరి బజారులో కొట్టు నడిపే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. కొట్టుకు వచ్చే గిరాకీ రిఫైనరీ ఉద్యోగులది. ఇంటి మేడమీద అద్దెకున్నది అక్కడి ఇంజనీరు. పెద్దబ్బాయిది కాంట్రాక్టరు దగ్గర పని. ఇప్పుడు మిగిలిన సొమ్ము కూడా అదే కంపెనీ షేర్లలో పెడితే? లోహం ధర పడిందంటే కాంట్రాక్టు పనులు ఆగుతాయి, అద్దె మనిషి బదిలీ అవుతాడు, కొట్టు బోసిపోతుంది, షేరు సగమవుతుంది. ఇవన్నీ వేరువేరు నెలల్లో రావు, కట్టకట్టుకుని వస్తాయి. ఇల్లు గడవడానికి షేర్లు అమ్ముకోవలసింది కూడా ఆ సగం ధరకే. వందది యాభైకి దిగితే పోయింది సగమే అనుకుంటాం. మళ్ళీ వంద కావాలంటే ఆ యాభై రెట్టింపు కావాలి. జీతం ఒకచోట వస్తుంటే, దాచుకునే సొమ్ము ఇంకోచోట వుండాలన్న మాట దామన్‌జోడి, టికిరి, జేకేపూర్ వంటి కార్ఖానా ఊళ్ళవాళ్ళకు నగరాలవాళ్ళకన్నా ఎక్కువ వర్తిస్తుంది.

ఈ సంగతి సత్యం కంప్యూటర్స్ ఉద్యోగులకు తెలిసొచ్చింది. హైదరాబాదు కంపెనీ, మనవాళ్ళ కంపెనీ అని తెలుగునాట ఎంత గర్వమో! 2008 సెప్టెంబరులో మంచి నిర్వహణకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. డిసెంబరు 16న కుటుంబ సంస్థలైన మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించి, వాటాదారులు గగ్గోలు పెట్టడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. అదే హెచ్చరిక. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటపడింది. బ్యాంకుల్లో వుందని పుస్తకాల్లో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా లేనేలేదు! ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గర పడింది. ఉద్యోగం భయం ఒకవైపు, ఉద్యోగంతోపాటు వచ్చిన షేర్లు కరిగిపోవడం ఇంకోవైపు, రెండూ ఒకేరోజు. తర్వాత టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున కొని సంస్థను నిలబెట్టింది. 2013లో విలీనమైనప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. 850 షేర్లున్న కుటుంబానికి చేతికొచ్చినవి నూరు. ఆ నూరు అమ్మకుండా వుంచుకున్నవారు తర్వాత కొంత తేరుకున్నారు, అది వేరే కథ.

"మనవాళ్ళు" అన్న మాట షేర్లకన్నా డిపాజిట్ల దగ్గర ఇంకా ఎక్కువ ముంచింది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్, పొలాలూ స్థలాలూ చూపించి 32 లక్షల మంది దగ్గర 6 వేల కోట్లకు పైగా సేకరించింది. ఒడిశాలో కూడా దాని ఖాతాదార్లున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లోనూ 2021లోనూ చిన్న మొత్తాలవారికి కొంత చెల్లించింది. ఒడిశాలో చిట్‌ఫండ్ పేరుతో నడిచిన సంస్థల కథ మరో భారతం. సుప్రీంకోర్టు 2014 మేలో ఆ కేసులను సీబీఐకి అప్పగించింది. ఇందులో డబ్బు కట్టించుకున్నది పరాయివాడు కాడు. పక్కింటి బాబాయిగారు, బడి మాస్టారు, మరిది తోడల్లుడు. వారికి వచ్చింది కమిషను, మనకు మిగిలింది రసీదు. రూపాయికి ఇంత అని ఖాయంగా లాభం చెప్పే అధికారం షేర్లవాళ్ళకు గానీ ఫండ్లవాళ్ళకు గానీ లేదు. అలా చెప్పేవారు ఎంత చుట్టమైనా సరే, కాఫీ ఇచ్చి పంపేయండి.

ఇప్పటి పిల్లలది ఇంకో తీరు. ఫోనులోనే కొనడం, ఫోనులోనే అమ్మడం, అందులోనూ ఫ్యూచర్స్, ఆప్షన్స్. మూడేళ్ళ లెక్కలు తీసి సెబీ 2024 సెప్టెంబరులో ఒక నివేదిక వేసింది. 2021-22 నుంచి 2023-24 దాకా ఇందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాట. ఆడినవారిలో నాలుగింట మూడొంతుల మంది తమ ఆదాయం ఏడాదికి 5 లక్షలకు లోపేనని చూపినవారు. ఎక్కువమంది పెద్ద ముప్ఫై నగరాలవాళ్ళు కాదు, మనలాంటి ఊళ్ళవాళ్ళు. ఆ మరుసటి ఏడు, 2024-25లో కూడా నష్టపోయినవారు దాదాపు 91 శాతం. జూదమండీ అన్న మొదటి జట్టు పెద్దాయన మాట ఈ ఒక్క చోట అక్షరాలా నిజం.

దీనికి తోడు వాట్సాప్, టెలిగ్రాం గుంపులు. "గురువుగారు" చెప్పిన షేరు కొంటే తెరమీద లాభం పెరుగుతూనే వుంటుంది. తీసుకుందామంటే మాత్రం "ముందు పన్ను కట్టండి" అంటారు. ఆ యాపే దొంగది, ఆ లాభమూ దొంగదే. అలా జరిగిందని తెలిసిన గంటలోనే 1930 నంబరుకు ఫోను చేస్తే, సొమ్ము ఇంకా బ్యాంకుల మధ్య తిరుగుతుంటే ఆపగలిగే అవకాశం వుంటుంది. సిగ్గుపడి వారం ఆగితే వుండదు. ఇంట్లో పిల్లవాడు ఇలా ఇరుక్కుంటే తిట్లు తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు, ముందు ఫోను చేయండి.

చివరగా పెట్టెల సంగతి. 1990లలో ప్రైమరీ ఇష్యూలకు క్యూలు కట్టిన పెద్దలు చాలామంది ఇళ్ళలో కాగితం షేర్లు ఇంకా వున్నాయి. ఆనాటి కంపెనీల్లో కొన్ని చిరునామా లేకుండా మాయమైపోయాయి, వాటి సర్టిఫికెట్లు పిల్లలు బొమ్మలేసుకోవడానికి పనికొస్తాయి. కొన్ని మాత్రం బ్రహ్మాండంగా వున్నాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితం షేర్లను ఇంకొకరి పేర మార్చి అమ్మడం కుదరదు, డీమ్యాట్ ఖాతాలోకి మార్చుకోవాలి. ఏడేళ్ళపాటు వరసగా డివిడెండు తీసుకోకపోతే ఆ డబ్బూ, షేర్లూ కూడా కేంద్ర ప్రభుత్వపు ఐఈపీఎఫ్ నిధికి పోతాయి. పోయినా తిరిగి అడగవచ్చు. అందుకు దరఖాస్తు వుంది, రుసుము లేదు, ఓపిక మాత్రం కావాలి. ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా రాయడం వల్ల, ఆధార్‌లో ఒడియా పలుకుబడికి తగినట్టు పేరు మారిపోవడం వల్ల మన కుటుంబాలకు ఇక్కడ చిక్కు వస్తుంది. తాతగారి సర్టిఫికెట్టు మీద ఎలా వుందో, మరణ ధ్రువపత్రంలో ఎలా వుందో పక్కపక్కన పెట్టి ముందే చూసుకుని, తేడా వుంటే సరిచేయించుకున్నాకే దరఖాస్తు పంపండి.