నాలుగు ఘాతాల చిన్న ఇంజన్లలో వాల్వు సందు సవరణ

పత్తి సాళ్ల మధ్య అంతరకృషికి దించిన పవర్ వీడర్ ఉదయం ఒక్క లాగుకే అందుకుంటుంది. రెండు గంటలు పనిచేసిన తరువాత పెట్రోలు పోయడానికి ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. తాడు లాగి లాగి విసిగిన రైతు యంత్రాన్ని గట్టు మీద వదిలి ఇంటిముఖం పడతాడు. సాయంత్రం వచ్చి లాగితే అసలేమీ జరగనట్లు మళ్లీ స్టార్ట్ అవుతుంది. ప్లగ్గు మారుస్తారు, కార్బురేటర్ కడుగుతారు, ఎయిర్ ఫిల్టర్ దులుపుతారు. మరునాడు మళ్లీ అదే కథ. పత్తిలో తొలి 60 రోజులు, మొక్కజొన్నలో తొలి 45 రోజులు కలుపు లేకుండా చూడవలసిన కీలక సమయం. ఆ రోజుల్లో వాన తెరపిచ్చి, నేల పదను కుదిరిన రెండు మూడు దినాలూ ఈ విధంగా జారిపోతే ఆ నష్టం యంత్రం ధరతో కొలవదగినది కాదు.

ఇటువంటి సందర్భాలలో లోపం చాలాసార్లు రాకర్ కవరు కింద ఉంటుంది. అది కంటికి కనిపించదు, చెవికీ వినిపించదు. వాల్వు కాడ చివరకు, దానిని నొక్కే రాకర్ ఆర్మ్‌కు మధ్య ఉండవలసిన సన్నని సందు మూసుకుపోవడమే ఆ లోపం. వాడుకలో దీనిని టాపెట్ క్లియరెన్స్ అంటారు. విదేశీ పశుక్షేత్రాలలో తిరిగే ఏటీవీకైనా, మన చేలలో తిరిగే పవర్ వీడర్‌కైనా ఈ సందు సూత్రం ఒక్కటే.

ఒకే ఇంజన్, అనేక రూపాలు

ఆల్ టెర్రైన్ వెహికిల్, అంటే ఏటీవీ, మొదట వినోద వాహనంగా ప్రచారంలోకి వచ్చింది. హోండా సంస్థ 1970లో మూడు చక్రాల వాహనాన్ని విపణిలోకి తెచ్చింది. 1980ల తొలి సంవత్సరాలలో సుజుకి నాలుగు చక్రాల వాహనాన్ని ప్రవేశపెట్టింది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దేశాల గొర్రెల, పాడి క్షేత్రాలలో ఇది మందలను మళ్లించడానికి, కంచెలను చూసిరావడానికి, మందు పిచికారీకి నిత్యం వాడే పనిముట్టుగా మారింది. తెలుగు రాష్ట్రాల పొలాలలో ఈ వాహనం అరుదు. అయితే ఎక్కువ ఏటీవీలలో ఉండే ఒంటి సిలిండర్, నాలుగు ఘాతాల పెట్రోలు ఇంజన్‌కు దగ్గరి బంధువులు మన పవర్ వీడర్లలో, నడుస్తూ నాటే వరినాటు యంత్రాలలో, చిన్న పంపుసెట్లలో ఉన్నాయి. అందువలన ఒకదానిపై నేర్చిన పని మిగిలినవాటికీ పనికి వస్తుంది.

చూషణ, సంపీడన, శక్తి, నిష్కాస ఘాతాలు పూర్తి కావడానికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో ఇన్‌టేక్ వాల్వు ఒకసారి, ఎగ్జాస్ట్ వాల్వు ఒకసారి తెరుచుకుంటాయి. నిమిషానికి 3,600 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో వాల్వు నిమిషానికి 1,800 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. 300 గంటల పనిలో ఇది 3 కోట్ల 24 లక్షల సార్లు. ఇన్నిసార్లు సీటును తాకే లోహం కొద్దికొద్దిగా అరగడం సహజం.

సందు ఎందుకు అవసరం

వేడికి ఉక్కు సాగుతుంది. సాధారణ ఉక్కు ఒక డిగ్రీ సెల్సియస్‌కు తన పొడవులో దాదాపు లక్షకు 1.2 వంతు పెరుగుతుంది. 70 మి.మీ. పొడవున్న వాల్వు సగటున 200 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే దాని పొడవు సుమారు 0.17 మి.మీ. పెరుగుతుంది. అదే సమయంలో అల్యూమినియం హెడ్డు, సిలిండర్ కూడా వ్యాకోచించి ఈ పెరుగుదలలో కొంత భాగాన్ని సర్దుబాటు చేస్తాయి. ఈ రెండింటి తేడా ప్రతి ఇంజన్ నిర్మాణంలో వేరువేరుగా ఉంటుంది. కనుకనే ప్రతి ఇంజన్‌కు తయారీదారు ప్రత్యేకంగా ఒక కొలత నిర్ణయిస్తాడు. చిన్న ఇంజన్లలో ఇది సాధారణంగా 0.05 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉంటుంది. రాసుకునే మామూలు కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అని గుర్తు చేసుకుంటే ఇది ఎంత సన్నని సందో అర్థమవుతుంది.

ఎక్కువ ఇంజన్లలో ఎగ్జాస్ట్ వైపు సందు ఎక్కువగా ఇస్తారు. కాలిన వాయువులు ఆ వాల్వు మీదుగానే బయటకు పోతాయి. పూర్తి లోడు మీద దాని తల 700 డిగ్రీల పరిసరాలకు చేరగలదు. ఆ వేడిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వాల్వు మూసుకొని సీటుకు ఆనుకున్న సమయంలోనే హెడ్డులోకి దిగిపోవాలి. మిగిలినది కాడ ద్వారా గైడులోకి పోతుంది. ఒక్క మాటలో, ఎగ్జాస్ట్ వాల్వుకు సీటే ప్రాణాధారం. సందు లేకపోతే వాల్వు పూర్తిగా కూర్చోదు, కూర్చోకపోతే చల్లబడదు, చల్లబడకపోతే అంచు కాలిపోతుంది.

మోగే వాల్వు, మోగని వాల్వు

అరుగుదల రెండు దిక్కుల్లో జరుగుతుంది. క్యామ్, రాకర్, పుష్ రాడ్, సవరణ స్క్రూ అరిగితే సందు పెరుగుతుంది. వాల్వు అంచు, సీటు అరిగితే వాల్వు హెడ్డులోకి కొద్దిగా కుంగి, దాని కాడ రాకర్ వైపు పైకి జరుగుతుంది. అప్పుడు సందు తగ్గుతుంది.

సందు పెరిగితే ఇంజన్ టిక్కు టిక్కుమని మోగుతుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకొని తొందరగా మూసుకుంటుంది, పూర్తి ఎత్తుకు లేవదు, ఇంజన్ ఊపిరి తగ్గుతుంది. కాడ చివర దెబ్బలు తింటుంది. తాడు లాగేటప్పుడు ఒత్తిడి తగ్గించడానికి అనేక ఇంజన్లలో క్యామ్ మీద ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. సందు మరీ పెరిగితే ఆ ఏర్పాటు వాల్వును ఎత్తలేదు. అప్పుడు తాడు బరువెక్కి, ఒక్కోసారి చేతిని వెనక్కు గుంజుతుంది.

సందు తగ్గితే ఏ మోతా ఉండదు. ఇంజన్ మునుపటి కంటే మెత్తగా నడుస్తున్నట్లు అనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. శబ్దం తగ్గితే యంత్రం బాగుపడిందని రైతు సంతోషిస్తాడు, మెకానిక్ కూడా శబ్దం పోవడానికి టాపెట్ బిగించి పంపుతాడు. వేడెక్కిన వాల్వు సాగి, సీటు మీద కూర్చోలేక, సంపీడన ఒత్తిడి జారిపోతుంది. వేడి మీద స్టార్ట్ కాకపోవడం, చల్లబడితే స్టార్ట్ కావడం, సైలెన్సర్‌లో టపటపమని పేలడం, బరువైన నేలలో బలం చాలకపోవడం దీని లక్షణాలు. వేడెక్కినప్పుడు ఇగ్నిషన్ కాయిల్ పాడైనా ఇటువంటి లక్షణమే కనిపిస్తుంది. కాబట్టి ఇంజన్ వేడిగా ఉండి స్టార్ట్ కాని సమయంలోనే ప్లగ్గు వద్ద నిప్పురవ్వ వస్తున్నదీ లేనిదీ చూడాలి. నిప్పురవ్వ బలంగా ఉండి, తాడు లాగితే పట్టు లేకుండా తేలికగా వస్తే అనుమానం వాల్వు మీదికి మళ్లాలి.

సవరణ విధానం

సవరణ ఎప్పుడూ చల్లని ఇంజన్ మీదనే చేయాలి. చల్లని ఇంజన్ అంటే 35 డిగ్రీల సెల్సియస్ లోపు అని కొందరు తయారీదారులు స్పష్టంగా చెబుతారు. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన ప్రాంతాలలో నీడన ఉంచిన ఇంజన్ సైతం మధ్యాహ్నం ఈ హద్దు మీరుతుంది. రాత్రంతా ఆపి ఉంచి తెల్లవారుజామున కొలవడం ఉత్తమం.

ముందుగా హెడ్డు చుట్టూ ఉన్న మట్టి, నలక బ్రష్షుతో పూర్తిగా తొలగించాలి. కవరు తీసినప్పుడు రాలిన ఇసుక నూనెలో కలిస్తే చేసిన మేలు కన్నా కీడే ఎక్కువవుతుంది. ప్లగ్గు విప్పితే ఇంజన్‌ను చేతితో తిప్పడం సులభం. తరువాత రాకర్ కవరు, లేదా ఏటీవీలలో అయితే వాల్వుల మీది చిన్న మూతలు, తీయాలి.

పిస్టన్‌ను సంపీడన ఘాతం చివర, పై కొసకు తేవడం రెండవ మెట్టు. ఇంజన్‌ను అది తిరిగే దిశలోనే మెల్లగా తిప్పాలి. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకొని మూసుకున్న తరువాత పైకి వచ్చే ఘాతమే సంపీడనం. హోండా తరహా ఏటీవీలలో టైమింగ్ రంధ్రం గుండా ఫ్లైవీల్ మీది ‘టి’ గుర్తు కేసింగ్ మీది గాటుకు ఎదురుగా రావాలి. పక్కనే ఉండే ‘ఎఫ్’ గుర్తు నిప్పురవ్వ సమయానికి సంబంధించినది, దానిని చూసి పొరపడరాదు. గుర్తు సరిపోయినప్పుడు రెండు రాకర్లూ వేళ్ల మధ్య కొద్దిగా కదలాలి. ఒకటి బిగిసి ఉంటే పిస్టన్ నిష్కాస ఘాతం చివర ఉండవచ్చు. మరొక పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. ఆ తరువాత కూడా ఒక రాకర్ బిగిసే ఉంటే ఆ వాల్వుకు సందు మిగలలేదని గ్రహించాలి. ఒత్తిడి తగ్గించే ఏర్పాటు ఉన్న కొన్ని ఇంజన్లలో పిస్టన్ పై కొస దాటి కొన్ని మిల్లీమీటర్లు దిగిన తరువాత కొలవమని సూచన ఉంటుంది. దానిని తప్పక పాటించాలి.

మూడవ మెట్టు కొలత. ఫీలర్ గేజ్ రేకును నూనె లేకుండా తుడిచి, కాడకు, రాకర్‌కు మధ్య వంచకుండా దూర్చాలి. సరైన రేకు కొద్దిపాటి పట్టుతో కదులుతుంది. చేతి అంచనాలో ఒకరికి, మరొకరికి తేడా ఉంటుంది కనుక రెండు రేకుల పరీక్ష నమ్మదగినది. నిర్ణీత మందం ఉన్న రేకు దూరాలి, దానికన్నా కొద్దిగా మందమైనది దూరరాదు. ఏ సవరణా చేయకముందే ఈ కొలతను కాగితం మీద రాసుకోవాలి.

నాలుగవ మెట్టు సవరణ. లాక్ నట్ వదులు చేసి స్క్రూను తిప్పాలి. కొన్ని ఇంజన్లలో స్క్రూకు బదులు రాకర్ పివట్ నట్‌ను తిప్పవలసి ఉంటుంది. మర ఎడం 0.5 మి.మీ. ఉన్న స్క్రూ వాల్వు మీదనే ఉంటే, 0.05 మి.మీ. మార్పుకు పూర్తి చుట్టులో పదోవంతు చాలు. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ దానితోపాటు తిరుగుతుంది. అందువలన స్క్రూను పట్టుకొని నట్ బిగించి, రేకుతో మళ్లీ కొలవాలి. ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి మరొకసారి కొలిస్తే అనుమానం తీరుతుంది. చివరగా గాస్కెట్ లేదా ఓ రింగు చూసి మూతలు బిగించాలి.

కొన్ని ఏటీవీలలో స్క్రూకు బదులు నిర్ణీత మందం గల షిమ్ బిళ్లలు ఉంటాయి. వాటిలోనూ సందు కొలత ఫీలర్ గేజ్‌తోనే, మార్పు మాత్రం క్యామ్ షాఫ్ట్ విప్పి చేయవలసిన వర్క్‌షాపు పని. హైడ్రాలిక్ టాపెట్లు ఉన్న ఇంజన్లకు సాధారణంగా ఈ సవరణ అవసరం ఉండదు.

అంకె ఎక్కడి నుంచి తీసుకోవాలి

ఒక ఇంజన్ అంకెను మరొకదానికి వాడడం తరచుగా జరిగే తప్పు. వ్యవసాయ యంత్రాలలో విస్తృతంగా వాడే హోండా జీఎక్స్ 160 ఇందుకు చక్కని ఉదాహరణ. దీని పాత తరం ఇంజన్‌లో ఇన్‌టేక్ సందు 0.15, ఎగ్జాస్ట్ సందు 0.20 మి.మీ. కొత్త తరంలో అవి 0.08, 0.10 మి.మీ. పేరు ఒకటే అయినా కొలత దాదాపు సగానికి తగ్గింది. పాత ఇంజన్‌కు కొత్త అంకె పెడితే సందు చాలదు, కొత్త ఇంజన్‌కు పాత అంకె పెడితే మోగుతుంది. యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని ఇంజన్ మీది నంబరుతో సరిచూసుకున్న తరువాతే అంకెను నమ్మాలి. అందులోనే తనిఖీ గడువు కూడా ఉంటుంది. ఈ ఇంజన్‌కు అది 300 గంటలు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది.

విస్తరణ సిబ్బందికి, విద్యార్థులకు సూచనలు

చాలా చిన్న యంత్రాలకు గంటల మీటరు ఉండదు. కస్టమ్ హైరింగ్ కేంద్రాలలో ఒకే యంత్రం అనేక చేతులు మారుతుంది. రోజుకు ఎన్ని గంటలు నడిచిందో ఒక నోటు పుస్తకంలో రాసే అలవాటు చేయించడం తొలి పని. తొలకరికి ముందే యంత్రాలన్నింటికీ ఒకసారి సందు చూడాలి. శిక్షణలో కొన్ని వందల రూపాయలకు దొరికే ఫీలర్ గేజ్‌ను రైతుల చేతికిచ్చి, పట్టు ఎలా ఉంటుందో వారి వేళ్లకే తెలియజేయాలి. ఫిన్ల మధ్య పేరుకున్న చెత్త వాల్వు వేడిని పెంచుతుంది కనుక దానిని ఎప్పటికప్పుడు తీయించాలి.

అన్నిటికంటే విలువైనది సవరణకు ముందు రాసుకున్న కొలత. ఒక్క ఏడాది భూసార ఫలితం కన్నా వరుస ఏళ్ల ఫలితాలు నేల గురించి ఎక్కువ చెప్పినట్లే, వరుస తనిఖీల కొలతలు ఇంజన్ గురించి ఎక్కువ చెబుతాయి. తనిఖీ తరువాత తనిఖీకి ఎగ్జాస్ట్ సందు కొద్దిగా తగ్గుతుంటే సవరణ చాలు. తగ్గుదల వేగం పెరుగుతుంటే సీటు కుంగుతున్నదని, స్క్రూ తిప్పి సరిపెట్టుకునే దశ దాటుతున్నదని అర్థం. సందు సరిచేసినా పట్టు తిరిగి రాకపోతే, పిస్టన్ పై కొసన ఉండగా ప్లగ్గు రంధ్రం నుంచి గాలి పట్టించి సైలెన్సర్ వద్ద వినాలి. అక్కడ బుసమన్న శబ్దం వస్తే వాల్వు ఇప్పటికే కాలింది, హెడ్డు విప్పక తప్పదు.

మోగే ఇంజన్ తన లోపాన్ని తానే చెప్పుకుంటుంది. మోగని ఇంజన్ లోపాన్ని కొలిచి చూసేవారు కావాలి. ఏడాదికి ఒక ఉదయం, ఒక సన్నని రేకు, పుస్తకంలో రెండు అంకెలు: కలుపు అదను తప్పిపోకుండా కాపాడుకోవడానికి రైతు పెట్టవలసిన పెట్టుబడి ఇంతే.