దాతల జాబితా కాదు, దారి చూపించుకోండి

పిల్లల సంస్థకు నిధుల సలహాదారును పెట్టుకునే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

నూజివీడు పరిసరాల్లో 40 మంది పిల్లలను సాకే ఒక ఆశ్రమం ఉందనుకుందాం. తిండి, బట్ట, చదువు, వైద్యం, సిబ్బంది జీతాలు కలిపి ఒక్కో బిడ్డకు నెలకు రూ. 7,500 పడుతుందనుకుంటే ఏడాది ఖర్చు రూ. 36 లక్షలు. మామిడి మీద బతికే ఈ పల్లెల్లో చేతిలో డబ్బు ఆడేది ఏప్రిల్ నుంచి జూన్ దాకానే. బంగినపల్లి, చిన్నరసం, కలెక్టరు కాయలు కోతకొచ్చి అమ్ముడుపోయే ఆ మూడు నెలల్లో రైతులు, వ్యాపారులు తలో చెయ్యి వేస్తారు. బియ్యం బిల్లు మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది.

అందుకే చిన్న సంస్థలు కూడా ఇప్పుడు సర్కారు పథకాలు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు (సీఎస్ఆర్), పెద్ద ట్రస్టులు, ప్రవాస సంఘాల వైపు చూస్తున్నాయి. ఎవరు, ఎంత, ఎప్పుడు, ఏ షరతు మీద ఇస్తారో వెతికిపెట్టే పనిని ఫండింగ్ మ్యాపింగ్ అంటున్నారు. దానికి కన్సల్టెంట్‌ను పెట్టుకోవాలా? పెట్టుకోవచ్చు. అయితే కాగితాలన్నీ సరిచేసుకున్నాక, ఫీజు ముందే ఖరారు చేసుకుని, మన సంస్థకు పనికిరాని పేర్లను ఏరేసే పని అప్పగిస్తేనే ఆ డబ్బుకు ఫలితం. ఎందుకో అంకెల్లో చూద్దాం.

రూ. 2 లక్షల ఫీజు చివరికి ఎంత?

రోజుకు రూ. 8,000 చొప్పున 25 పనిదినాలకు ఒప్పందం కుదిరిందనుకోండి. ఫీజు రూ. 2,00,000. కన్సల్టెంట్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం, అంటే రూ. 36,000 అదనం. మొత్తం రూ. 2,36,000. వ్యాపార సంస్థ అయితే కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకుంటుంది. జీఎస్టీ పరిధిలో లేని ధర్మసంస్థకు ఆ వీలు లేదు, మొత్తం భరించాల్సిందే. ఏడాదికి రూ. 50,000 దాటిన వృత్తి రుసుముపై 10 శాతం టీడీఎస్ కోయాలి. అంటే కన్సల్టెంట్ చేతికి రూ. 2,16,000, ఆదాయపు పన్ను శాఖకు రూ. 20,000.

టీడీఎస్ కోయడం మరిచిపోతే దెబ్బ సంస్థకే. ట్రస్టు పన్ను మినహాయింపు నిలవాలంటే ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు వినియోగించినట్టు చూపాలి. టీడీఎస్ కోయని చెల్లింపులో 30 శాతాన్ని వినియోగం కింద లెక్కకట్టరు. ఒకరికి ఒకే రోజు రూ. 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చునూ ఒప్పుకోరు. కాబట్టి ఫీజు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, బిల్లు తీసుకోవాలి.

ఆ రూ. 2,36,000 మన ఆశ్రమం ఏడాది ఖర్చులో ఆరున్నర శాతం. ఇద్దరు పిల్లల పూర్తి ఏడాది ఖర్చు పోను, మూడో బిడ్డకు ఏడు నెలలకు పైగా సరిపోయే సొమ్ము. రూ. 10 లక్షల గ్రాంటు ఒకటి వచ్చినా రూపాయికి 24 పైసలు వెతుకులాటకే పోయినట్టు. ఏమీ రాకపోతే పిల్లల నోటి దగ్గరి డబ్బు పోయినట్టు.

ముందు బీరువా తెరవండి

కన్సల్టెంట్‌కు ఫోను చేసే ముందు ఫైళ్లు బయటికి తీయాలి. పిల్లలను ఉంచుకునే సంస్థ అయితే మొదటి కాగితం బాలల న్యాయ చట్టం 2015లోని సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషన్. అది లేకుండా నడిపితే సెక్షన్ 42 కింద ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఈ కాగితం లేని సంస్థ దాతలను వెతకడం ఆపి ముందు దాని సంగతి చూసుకోవాలి.

తర్వాత ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపులు: సంస్థకు పన్ను మినహాయింపు కోసం 12ఏబీ, దాతకు పన్ను రాయితీ కోసం 80జీ. నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో నంబరు. మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు. కంపెనీల డబ్బు కావాలంటే 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి తెచ్చుకునే నంబరు తప్పనిసరి. కంపెనీలు తామే స్థాపించుకోని ట్రస్టుకో సొసైటీకో పని అప్పగించాలంటే, ఆ రంగంలో దానికి కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలని కూడా నిబంధన ఉంది. వీటిలో ఏది లోపించినా మంచి చార్టర్డ్ అకౌంటెంటును కలవండి, చాలా తక్కువలో పనైపోతుంది. నిధుల కన్సల్టెంట్ అవసరం ఆ తర్వాతే.

నూజివీడు వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఒక కాగితంలో కృష్ణా, మరో కాగితంలో ఏలూరు ఉంటే అర్జీ పరిశీలించేవారు కొర్రీ వేస్తారు. చిరునామాలన్నీ ఒకేలా దిద్దించుకోవాలి.

సర్కారు దారి

కేంద్రం అమలుచేస్తున్న మిషన్ వాత్సల్యలో సంరక్షణ గృహంలోని బిడ్డకు నెలకు రూ. 3,000 నిర్వహణ గ్రాంటు ఉంది. ఖర్చు కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో పంచుకుంటాయి. మన ఆశ్రమాన్ని పథకంలోకి తీసుకుంటే 40 మందికి ఏడాదికి రూ. 14.40 లక్షలు. రూ. 36 లక్షల్లో ఇది పోతే మిగిలే లోటు రూ. 21.60 లక్షలు. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి అడగాలి.

ఇదే పథకంలో కష్టాల్లో ఉన్న బిడ్డను సొంత కుటుంబంలోనే ఉంచి చదివించడానికి నెలకు రూ. 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. తల్లి ఉండీ, పేదరికం వల్లే ఆశ్రమానికి చేరిన పిల్లలు మన దగ్గర ఉంటే వాళ్లకు న్యాయమైన దారి ఇది. సంస్థ ఖర్చూ తగ్గుతుంది. ఈ మాట చెప్పగలిగిన కన్సల్టెంటే పిల్లల పని తెలిసినవాడు.

కంపెనీల దారి

కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 135 ప్రకారం రూ. 500 కోట్ల నికర విలువ, రూ. 1,000 కోట్ల టర్నోవరు, రూ. 5 కోట్ల నికర లాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. 2021-22లో దేశం మొత్తం మీద ఈ ఖర్చు రూ. 26 వేల కోట్లు దాటింది. అందులో పెద్ద వాటా చదువుకు, ఆరోగ్యానికి వెళ్తుంది.

ఇంత పెద్ద అంకె చూసి ఆశపడితే దారి తప్పుతాం. సగటు లాభం రూ. 10 కోట్లున్న కంపెనీని తీసుకోండి. అది పెట్టాల్సింది రూ. 20 లక్షలు. మన లోటుకు దాదాపు సమానం. ఖర్చుపెట్టాల్సిన మొత్తం రూ. 50 లక్షలు మించని కంపెనీకి ప్రత్యేకంగా సీఎస్ఆర్ కమిటీ అక్కర్లేదు, డైరెక్టర్ల బోర్డే నిర్ణయిస్తుంది. అంటే సగటు లాభం రూ. 25 కోట్ల లోపు కంపెనీలో నిర్ణయం తీసుకునే మనిషిని నేరుగా కలిసి మాట్లాడవచ్చు. పైగా తాము పనిచేసే చోటుకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. విజయవాడ, ఏలూరు, హనుమాన్ జంక్షన్ చుట్టూ ఉన్న ఇలాంటి మధ్యతరహా కంపెనీలను పట్టుకోవడమే మ్యాపింగ్‌లో అసలు పని. ఊరూపేరూ ఉన్న పెద్ద ఫౌండేషన్ల జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏ కంపెనీ ఏ జిల్లాలో ఎంత పెట్టిందో జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. అది దించి ఇచ్చినవారికి రూ. 2 లక్షలు ఇవ్వనక్కర్లేదు.

కాలం కూడా చూడాలి. ఏడాదిలో ఖర్చుకాని సొమ్మును, కొనసాగే ప్రాజెక్టుది కాకపోతే, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో షెడ్యూలు 7లోని నిధులకు జమచేయాలి. అందుకే జనవరి నుంచి మార్చి దాకా కంపెనీల్లో హడావుడి. ఏడాది పొడవునా నిలిచే సాయం కావాలంటే మాత్రం వార్షిక ప్రణాళిక వేసుకునే వేళకే, అంటే ఇక్కడ మామిడి కోతలు సాగే రోజుల్లోనే, ప్రపోజల్ వాళ్ల చేతిలో ఉండాలి.

అమెరికా బంధువుల దారి

ఈ ప్రాంతంలో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఎవరూ లేని ఊరు అరుదు. కానీ వాళ్ల డబ్బంతా ఒకే రకం కాదు. భారత పౌరసత్వం వదులుకోని ఎన్ఆర్ఐ తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకుంటే చాలు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ కార్డు చూపినా విదేశీ దాతే. తానా ఫౌండేషన్ లాంటి అక్కడి సంస్థలూ అంతే. వాళ్ల నుంచి రూపాయి తీసుకోవాలన్నా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి.

రిజిస్ట్రేషన్‌కు సంస్థ మూడేళ్ల వయసు దాటాలి, ఆ మూడేళ్లలో అసలు పనిమీద కనీసం రూ. 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. మన ఆశ్రమం మూడేళ్లు నిండినదైతే ఆ అర్హత ఉంది. 2020 సవరణతో విదేశీ నిధుల్లో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. కన్సల్టెంట్ ఫీజు ఆ 20లోకే వస్తుంది. విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు దాన్ని పంచడమూ నిషిద్ధం. కాబట్టి ‘ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న మా సంస్థ ద్వారా ఇప్పిస్తాం’ అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడితో ఆపేయండి.

జాబితాలో ఒక వరుస ఎలా ఉండాలి

నూజివీడుకు దగ్గర్లోని బాపులపాడు మండలం మల్లవల్లి పారిశ్రామిక వాడలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ప్రారంభమైంది. నాసిరకం జాబితాలో కంపెనీ పేరు, చెన్నై చిరునామా, ఒక ఈమెయిలు ఉంటాయి. మంచి జాబితాలో అదే వరుస ఇలా ఉంటుంది: ప్లాంటు మనకు దగ్గర, స్థానిక ప్రాధాన్యం వర్తించే అవకాశం ఉంది. ‘రోడ్ టు స్కూల్’ పేరుతో ఈ కంపెనీ చేసే పని సర్కారు బడి పిల్లల చదువు మీద. మన ఆశ్రమం తిండి ఖర్చుకు ఇది కుదరదు. సాయంత్రం ట్యూషన్ కేంద్రం, బడి మానేసిన పిల్లలను తిరిగి చేర్పించే పని ఉంటే అడగవచ్చు. ముందుగా కలవాల్సింది ఎవరిని, ఎప్పుడు, జతచేయాల్సిన కాగితాలేమిటి.

ఏరివేతకూ ఒక ఉదాహరణ. వెనకబడిన జిల్లాల కోసం కేంద్రం 2018లో మొదలుపెట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలోకి ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకున్నవి విశాఖపట్నం, విజయనగరం, కడప. ఆ జిల్లాలకే ఇస్తామనే దాత పేరు నూజివీడు జాబితాలో ఎంత మెరిసినా దండగ. పూసిందంతా కాయదని మామిడి రైతుకు చెప్పనక్కర్లేదు. 60 పేర్లు తెచ్చి, 48 ఎందుకు కుదరవో ఒక్కో వాక్యంలో రాసి, 12 మిగిల్చి, వాటిలో ఈ ఏడాదే తలుపు తట్టాల్సిన అయిదింటిని చూపించేవారికి ఫీజు ఇవ్వండి.

కమీషన్ మాట వస్తే వద్దనండి

‘ముందు ఏమీ ఇవ్వక్కర్లేదు, వచ్చిన గ్రాంటులో 10 శాతం ఇవ్వండి’ అనే మాట చిన్న సంస్థకు తీపిగా వినిపిస్తుంది. రూ. 20 లక్షల గ్రాంటులో రూ. 2 లక్షలు పిల్లల పేర వచ్చిన డబ్బులోంచి తీసి ఇవ్వడమది. దాతకు ఇచ్చిన బడ్జెట్‌లో ఆ పద్దు ఉండదు కాబట్టి లెక్క దాచాల్సి వస్తుంది. నిధుల సేకరణ వృత్తిలో ఉన్నవారి అంతర్జాతీయ సంఘం అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ తన నియమావళిలోనే శాతం లెక్కన ప్రతిఫలం తీసుకోకూడదని తేల్చిచెప్పింది.

దాని బదులు పనిని రెండు మెట్లుగా విడగొట్టండి. మొదటి అయిదు రోజులకు రూ. 40,000. ఆ గడువులో సంస్థ కాగితాలు, లెక్కలు చూసి, మీరు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. లేరంటే అక్కడే ఆపేయవచ్చు, జీఎస్టీతో కలిపి రూ. 47,200 దగ్గర ఖర్చు ఆగుతుంది. ఉన్నారంటే మిగతా 20 రోజుల పని. ముసాయిదాకు సగం, మీ సిబ్బందికి నేర్పించి తుది ఫైలు అప్పగించాక సగం చెల్లించాలి. జాబితా మీ సొంతమని, మరుసటి ఏడాది మీరే దిద్దుకునేలా ఉండాలని ఒప్పందంలో రాయించుకోండి.

ఒకే దాత మీద ఆధారపడితే

అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ పని మొదలుపెట్టాక ఎదిగిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు తెలుగు నేల మీద పిల్లల కోసం పనిచేసిన అతి పెద్ద సంస్థల్లో ఒకటి. 1996లో స్పెయిన్‌లో ఆయన పేరిట ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా అక్కడి సామాన్యులు ఇక్కడి పిల్లలను స్పాన్సర్ చేస్తూ వచ్చారు. 2025లో ఎఫ్‌సీఆర్‌ఏ రెన్యువల్‌కు ఆటంకం రాగానే ఆసుపత్రులు, బడులు ఏమవుతాయోనని జనం రోడ్ల మీదికి వచ్చారు. ‘ఇండియా ఫర్ ఇండియా’ పేరుతో ఇంటింటా హుండీలు పెట్టి దేశంలోనే నిధులు కూడగట్టే ప్రయత్నం ఆ సంస్థ చేస్తూ వచ్చినా, అంత పెద్ద పనికి ఒక దారి మూసుకుపోతే కలిగే భయం చిన్నది కాదు. అర్ధ శతాబ్దం నిలిచిన సంస్థకే ఆ పరిస్థితి వస్తే 40 మంది పిల్లల ఆశ్రమం ఎంత?

ఏ ఒక్క దాత వాటా మీ ఖర్చులో సగం దాటకుండా చూసుకోండి. ఈ నెల కార్యవర్గ సమావేశంలో నాలుగు కాగితాలు బల్ల మీద పెట్టండి: బాలల న్యాయ చట్టం రిజిస్ట్రేషన్, 12ఏబీ-80జీ పత్రాలు, సీఎస్ఆర్-1 నంబరు, మూడేళ్ల ఆడిట్. నాలుగూ ఉంటే కన్సల్టెంట్‌ను పిలవండి, ఫీజు ముందే మాట్లాడుకోండి. ఒక్కటి తక్కువైనా ఆ డబ్బు పిల్లలకే ఖర్చుపెట్టి, ముందు ఆ కాగితం తెచ్చుకోండి.